ఎడమ పక్క కవరు

ఇల్లు, కుట్టు గది

తమ్ముడికి అక్క దీవించి రాసేది,

ఇక్కడ అందరం క్షేమం అని రాయడానికి ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. కాబట్టి, నేను క్షేమం. మీ బావ కంపెనీ శిక్షణ అని ఊరెళ్ళారు. మందుల డబ్బాలు బండి మీద షాపు షాపుకీ తిప్పే మనిషికి ఇన్నేళ్ళ తర్వాత శిక్షణేమిటో నాకైతే అర్థం కాలేదు. నెల్లాళ్ళ పైన పడుతుందట.

సరే, అసలు సంగతి. ఆయన మోటార్ సైకిల్ వెనక గదిలో పడి ఉంది. ఆయన వచ్చేలోపు దాన్ని విప్పి తుడిచి, తుప్పు పట్టిన చోట రంగేసి పెడదామని ఉంది. ఏమేం పానాలు కొనాలో, ఏ రకానివి కొనాలో వివరంగా రాయి. అక్కకేం చేతవుతుందిలే అనుకోకు. కుట్టు మిషన్ని ముక్కముక్కలుగా విప్పి బిగించే చేతులివి. నాన్న సైకిల్ షాపులో నీకంటే ముందు పంక్చర్ వేయడం నేర్చుకున్నది నేనే.

మీ షాపుకి ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఫోన్లో నువ్వు మాట దాటేస్తే తెలియదు. కాగితం మీదైతే దాటేసిన చోటు కనబడుతుంది.

ఈ సంగతి మీ బావకి తెలియనివ్వకు.

అక్క


షాపు, మేడ మీద గది

అక్కకి తమ్ముడి నమస్కారాలు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

ఆ బండి కొన్ననాటి నుంచి ఒక్కరోజు దాని మీద తడిగుడ్డ వేయలేదు నువ్వు. 'నా ఇనప సవతి' అని పేరు కూడా పెట్టావు. ఇప్పుడు ఉన్నట్టుండి ఆ సవతికి తలంటి పోసి రంగులేస్తానంటే నేను నమ్మాలా? తుడవడానికి పానాలెందుకు, పాత బనీను చాలు.

నిజం చెప్పు, ఎందుకు విప్పాలనుకుంటున్నావు? ఎవరికైనా విడి సామాన్లుగా అమ్మేస్తున్నావా? లేక మీరిద్దరూ పోట్లాడుకున్నారా?

నా మాట విని బావ వచ్చేదాకా ఆగు. రోజుకి ఇన్ని బండ్లు విప్పే నేనే ఒక్కోసారి ఒక బోల్టు మిగిలిపోతే తల పట్టుకుంటాను. బండి విప్పడం జాకెట్టు కుట్లు ఊడదీసినట్టు కాదు.

తమ్ముడు


ఇల్లు, కుట్టు గది

తమ్ముడికి,

నా ఉత్తరంలో ఒక్క ప్రశ్న ఉంది. నీ ఉత్తరంలో దానికి తప్ప అన్నిటికీ జవాబు ఉంది. పైగా ఎదురు ప్రశ్నలు.

నిజం కావాలన్నావుగా, విను. మీ బావ కంపెనీలో గిడ్డంగి చూసే గుమాస్తా భార్య మొన్న జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చింది. "శిక్షణెక్కడిదండీ, మా ఆయన ఇంట్లోనే ఉన్నారే. మీ ఆయన సెలవు పెట్టారట కదా" అంది. ఆవిడ కొలతలు రెండోసారి తీయాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. నేను కుట్టిన చొక్కాలన్నీ బీరువాలో మడత నలక్కుండా పడి ఉన్నాయి. బొత్తాల చొక్కా వేసుకుంటే ఉక్కపోస్తోందట. ఈ మధ్య ఒంటి మీద ఎప్పుడు చూసినా తలమీంచి తొడుక్కునే రెడీమేడ్ టీషర్టే. దర్జీదాని మొగుడు కొన్న బట్టలేసుకుని వీధంతా తిరిగితే నా కొట్టు ముందు ఎవరాగుతారు? తల నెరుస్తుంటే ఈ కుర్ర వేషాలు ఎవరికోసం?

నన్ను బండి వెనక ఎక్కించుకోవడం కూడా మానేశారు. బజారుకి వెళ్దామంటే "బస్సులో వెళ్ళు, నాకు అటు పని లేదు" అంటారు. పెళ్ళయిన కొత్తలో అదే మనిషి పని లేకపోయినా తిప్పేవారు. వెనక సీటు నాకు లేదంటే ఇంకెవరికో ఉందనేగా.

వెళ్ళేముందు బండికి తాళం వేసి, తాళం చెవి జేబులో వేసుకున్నారు. "ఎవర్నీ ముట్టుకోనివ్వకు. నువ్వూ ముట్టుకోకు" అన్నారు. నా నగలున్న బీరువా గురించి కూడా ఆ మనిషి ఎప్పుడూ అలా చెప్పలేదు. ఆ బండిలో ఏదో దాచారు. సీటు కిందో, దీపం డొప్పలోనో. అది చూస్తేగాని నాకు అన్నం సహించదు.

పానాల గురించి రాస్తే సరే. రాయకపోతే ఇంట్లో సుత్తి ఉంది, దానితో విప్పుకుంటాను.

అక్క


షాపు, మేడ మీద గది

అక్కా,

అంత పని చేయకు. సుత్తి తీసి అటక మీద పెట్టు. రాస్తున్నాను.

ముందు రింగు పానాలు కొను. రెండు కొసలా నోరు తెరుచుకున్న పానా బోల్టుని రెండు పక్కలే పట్టుకుంటుంది. రింగు అన్ని పక్కలా పట్టుకుంటుంది. బిగుసుకుపోయినదాన్ని మొదట రింగుతో కదిలించాలి, వదులయ్యాకే నోరు పానాతో చకచకా తిప్పాలి. కొత్తగా తళతళలాడుతూ చవకగా వస్తున్నాయని కొనేయకు, రెండో బోల్టుకే నోరు సాగిపోతుంది. పాత సామాన్ల బజారులో నల్లబడ్డవి ఉంటాయి. లోపలి అంచులు తడిమి చూడు. కోణాలు పదునుగా తగిలితే మంచి సరుకు, నున్నగా జారితే వదిలేయ్.

లోతుగా ఉన్న బోల్టులకి టీ పానా. పిడి అడ్డంగా ఉంటుంది కాబట్టి రెండు చేతులూ వాడొచ్చు, నీకు బలం కలిసొస్తుంది. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో నిండుగా కూర్చోవాలి. కూర్చోకపోతే గాడి చిరిగిపోయి ఆ స్క్రూ ఇక జన్మలో రాదు. సూది కన్నానికి తగ్గ దారం అని నీకు నేను చెప్పాలా? తుప్పు పట్టినవాటికి ముందు రోజే కిరోసిన్ వేసి నానబెట్టు. విప్పిన బోల్టులు నీ బొత్తాల పెట్టె గళ్ళలో విప్పిన వరసలోనే పెట్టు. ఏదైనా రాకపోతే బలం పెట్టకు, ఆగి ఆలోచించు. సగం బండ్లు పాడయ్యేది కోపంతో తిప్పడం వల్లే.

సీటు, టాంకు, దీపం డొప్ప విప్పి చూసుకో. నీ అనుమానం తీరిపోతుంది. ఇంజను ఎడమ పక్క కవరు జోలికి మాత్రం పోకు. దాని వెనక గొలుసూ గ్రీజూ తప్ప ఏమీ ఉండదు, చేతులు పాడవడం దండగ.

ఇక బావ సంగతి. ఆయన అలాంటి మనిషి కాదక్కా. నా మీద ఒట్టు. టీషర్టులు వేసుకుంటే వేసుకోనీ. ఆ పసుపుది ఆయనకి బానే ఉంటుంది.

తమ్ముడు


ఇల్లు, వెనక గది

తమ్ముడికి,

పానాలు కొన్నాను. పాత సామాన్ల ముసలాయన దగ్గర కూర్చుని ఒక్కోదాని లోపల వేలు పెట్టి తడిమి ఏరుతుంటే, "అమ్మా, కందిపప్పు ఏరుతున్నావా, పానాలు కొంటున్నావా" అన్నాడు. రింగులు మంచివి దొరికాయి. టీ పానా కాస్త వంకరగా ఉంది కానీ పట్టు గట్టిది.

పాత దుప్పటి పరిచి మొదలుపెట్టాను. విప్పేముందు ప్రతి బోల్టు మీదా నాన్న గీత గీశాను. గుర్తుందా, అమ్మ గోళ్ళ రంగు సీసా ఎత్తుకెళ్ళి నట్టు మీంచి పక్క ఇనుము మీదకి ఒక ఎర్ర గీత గీసేవారు. తర్వాత నట్టు వదులైతే గీత విరిగి కనబడుతుంది. అమ్మ ఏ పెళ్ళికీ గోళ్ళకి రంగేసుకుని వెళ్ళిన పాపాన పోలేదు. నా కుట్టు మిషను మరలన్నిటికీ ఇప్పటికీ ఆ గీతే.

సీటు తీశాను. దాని కింద ఒక గుడ్డ, రెండు చచ్చిన బొద్దింకలు. టాంకు దించాను, దాని కింద దుమ్ము. దీపం డొప్పలో తీగలు. ఎక్కడా ఏమీ లేదు. మనసు తేలిక పడాలి కదా, పడలేదు. ఎందుకో చెప్తాను.

ఒకటి. బండిలో ప్రతి మూల చూడమని రాసి ఒక్క ఎడమ పక్క కవరు మాత్రం వద్దన్నావు. జాకెట్టు పాడుచేసిన దర్జీ అన్ని వైపులా తిప్పి చూపిస్తాడు, పాడైన చంక ఒక్కటే చేత్తో మూసిపెడతాడు. ఆ సంగతి నాకు తెలియదా?

రెండు. టీషర్టు పసుపు రంగుదని నేను రాయలేదు. ఉత్తరంలో ప్రతి మాటా తూచి రాసేదాన్ని, నాకు బాగా గుర్తు. ఆయన ఆ పసుపుది ఊరెళ్ళే రోజు పొద్దున్నే కవరు చించి మొదటిసారి తొడుక్కున్నారు. అంటే ఇల్లు వదిలాక నువ్వాయన్ని చూశావు.

ఎక్కడ చూశావు? పక్కన ఎవరున్నారు?

ఆ కవరు స్క్రూలు రావడం లేదు. ఏ పనిముట్టు కావాలో రాయి.

అక్క


షాపు, మేడ మీద గది

అక్కా,

పసుపు అని ఊరికే నోటికొచ్చింది రాశాను. బావకి ఆ రంగు ఇష్టమని ఎప్పుడో అన్నాడు. దానికే ఇంత పోలీసు విచారణా?

ఆ స్క్రూలకి పనిముట్టు ఏదీ లేదు. బిగుసుకుపోయి ఉంటాయి, తల తెగితే వేలకి వేలు ఖర్చు. వదిలేయమంటున్నానుగా. విప్పినవన్నీ బిగించేసి దుప్పటి కప్పేయ్.

షాపులో పని ఎక్కువగా ఉంది, ఇంతకంటే రాయలేను.

తమ్ముడు


ఇల్లు, వెనక గది

తమ్ముడికి,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం.

పనిముట్టు ఏదీ లేదన్నావు. పాత సామాన్ల ముసలాయన్ని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా బుట్టలోంచి తీసిచ్చాడు. బరువైన స్క్రూడ్రైవర్, దాని నెత్తిన సుత్తితో కొడితే కొట్టిన దెబ్బకి మొన తనంతట తానే కాస్త తిరుగుతుంది. "మెకానిక్కులందరి దగ్గరా ఉంటుందమ్మా" అన్నాడు. మెకానిక్కులందరి దగ్గరా, నా తమ్ముడి దగ్గర తప్ప.

కవరు వచ్చింది. గొలుసు ఉంది, గ్రీజు ఉంది. అవి కాక, చేతి క్లచ్ నుంచి వచ్చే తీగ తగులుకునే చిన్న ఇనప చెయ్యి ఒకటి ఉంది. దాన్ని కోసి మధ్యలో ముక్క పెట్టి అతికి పొడవు చేశారు. బండంతా ముసలిదే, ఆ అతుకు మాత్రం కొత్తది. దాని నట్టు మీంచి పక్కకి ఒక ఎర్ర గీత ఉంది. అది నేను గీసింది కాదు.

నాన్న పోయాక ఈ లోకంలో నట్టుకి గోళ్ళ రంగు పెట్టేవాళ్ళు ఇద్దరే. ఒకరు నేను. దొంగపని చేస్తూ కూడా చేతి అలవాటు మానలేకపోయావురా.

ఇప్పుడు గుర్తొస్తోంది. వేసవిలో నువ్వు వచ్చినప్పుడు మీరిద్దరూ నాకూ ఎదురింటావిడకీ టికెట్లు కొనిచ్చి మరీ సినిమాకి పంపారు. నా మొగుడికీ తమ్ముడికీ నామీద ఎంత ప్రేమో అని ఆవిడ దగ్గర పొంగిపోయాను. వెనక గదిలో మీరు చేసిన పని ఇదా.

హేండిల్ దగ్గర క్లచ్ నొక్కి చూశాను. రెండు వేళ్ళతో వచ్చేసింది. ఇదివరకు ఒకసారి సరదాకి పట్టుకుంటే చెయ్యంతా పెట్టినా కదల్లేదు. ఇంత మెత్తగా ఎందుకు చేశారు? మగవాడి చేతికి ఆ అవసరం లేదు. ఆ బండి ఎవరో ఆడది నడుపుతోంది. ఆయన నేర్పిస్తున్నారు. నన్ను వెనక కూడా కూర్చోనివ్వని బండిని ఇంకొకత్తె ముందు కూర్చుని నడపడానికి నా తమ్ముడే వచ్చి, నా అన్నం తిని, మెత్తగా చేసి వెళ్ళాడు.

ఏ ఆడదాని చేతికి చేశావు? పేరు రాయి. అబద్ధం రాస్తే నువ్వు నాకు తమ్ముడివి కావు, నేను నీకు అక్కని కాను.


షాపు, మేడ మీద గది

అక్కా,

నువ్వు కింద సంతకం పెట్టని ఉత్తరం ఇదే మొదటిది. బావకిచ్చిన మాట పోతే పోయింది.

ఏ ఆడదీ లేదు. అది బావ చేతికే చేశాను. బావ ఎడమ చెయ్యి పోతోంది.

నిరుడే మొదలైంది. వేళ్ళు తిమ్మిరెక్కేవి, తర్వాత పట్టు తగ్గింది. మెడ దగ్గర నరం నలుగుతోందన్నారు డాక్టర్లు. క్లచ్ నొక్కలేక నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆగిపోయి వెనక లారీ వాడు తిట్టాడట. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు. బండి నడపలేడని తెలిస్తే కంపెనీ ఆ రోజే ఇంటికి పంపేస్తుంది. "మీ అక్క కుట్టు మీద నేను బతకలేనురా, ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. చేశాను. నువ్వు చూసిన ఆ ఇనప చెయ్యి పొడవైతే తీగ లాగడం తేలికవుతుంది.

బొత్తాలు పెట్టుకోవడానికి రెండు చేతులు కావాలక్కా. అందుకే టీషర్టులు. నువ్వు కుట్టిన చొక్కా వేసుకుని నీ ముందు బొత్తాలతో తంటాలు పడితే నీకు తెలిసిపోతుందని.

నిన్ను వెనక ఎక్కించుకోనిది ఎందుకో నేను కూడా అడిగాను. "నేను పడితే పడతాను, దాన్ని పడేస్తే?" అన్నాడు.

ఇప్పుడు నా గదిలోనే ఉన్నాడు. రోజూ పొద్దున్నే ఇక్కడి పెద్దాసుపత్రికి వెళ్తాడు, ఆ చేత్తో రబ్బరు బంతి పిసికిస్తారు, పిసికి వస్తాడు. కాస్త నయమే. కానీ మళ్ళీ బండి తోలే చెయ్యి కాదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. బావకి ఇంకా చెప్పలేదు. ఆయన ఇక్కడికి వచ్చిందే తిరిగి వెళ్ళి ఆ బండెక్కడానికి.

నువ్వు అనుమానపడుతున్నావని తెలిసీ నోరు మూసుకున్నాను. తిట్టు, పడతాను.

తమ్ముడు


ఇల్లు, కుట్టు గది

తమ్ముడికి,

తిట్టడానికి కూర్చున్నాను. రాలేదు. ఏడుపు వచ్చింది.

పక్కన పడుకునే మనిషి చెయ్యి పనిచేయడం లేదని తెలుసుకోలేకపోయాను. ఊళ్ళో వాళ్ళ భుజం ఎత్తుపల్లాలు టేపు పెట్టకుండా చెప్తాను, ఇంట్లో మనిషిని చూడలేకపోయాను. అదీ కాక, లేని ఆడదానికి ముక్కూ మొహం పెట్టి తిట్టుకున్నాను. పాపం, ఉంటే బాగుండునేమో అనిపించింది ఒక్క క్షణం, ఈ చేతి జబ్బు కంటే.

ఇద్దరూ నాకు చెప్పలేదు. ఆ కోపం ఉంది, ఉంటుంది. "మీ అక్క కుట్టు మీద బతకలేను" అన్నారా? ఆయన జీతం మీద నేను ఇన్నేళ్ళు బతికినప్పుడు నాకేం నామోషీ కాలేదే.

ఇప్పుడు నేను చెప్పేది చెయ్యి. నాకు తెలిసిందని ఆయనకి చెప్పకు. ఆ మాట ఆయన నోటితోనే నాకు చెప్పాలి. డాక్టరు చెప్పింది మాత్రం నువ్వే చెప్పు, దాచకు. దాచడాలు చాలు. ఆయన జేబులోంచి తాళం చెవి తీసి అలాంటిదే ఇంకోటి చేయించి పంపు. దొంగతనం నీకు కొత్త కాదుగా.

ఎడమ కవరు బిగించేటప్పుడు స్క్రూలకి ఏం రాయాలో, ఎంత బిగించాలో రాయి. ఈసారి నిజం రాయి.

అక్క


షాపు, మేడ మీద గది

అక్కా,

తాళం చెవి ఈ కవర్లోనే ఉంది. స్క్రూలకి ఒక్క చుక్క గ్రీజు రాసి, అన్నిటినీ చేత్తో తిప్పి నిలబెట్టాక, ఎదురెదురువి జతలుగా బిగించు. ఒకటే ముందు బిగిస్తే కవరు వంకరపడుతుంది.

డాక్టరు మాట చెప్పాను. బావ కిటికీలోంచి కింద షాపు ముందున్న బండ్లను చూస్తూ కూర్చున్నాడు. తర్వాత "బండి అమ్మేయాలి. అమ్మడానికి మీ అక్కకి ఏం కారణం చెప్పను?" అన్నాడు. నీకు తెలుసన్న మాట నా నోటిదాకా వచ్చింది, మింగేశాను.

నిన్న నువ్వు చెప్పకుండా పంపిన చొక్కా పార్శిలు వచ్చింది. చొక్కా మడత విప్పి చూసి బావ మొదట మొహం ముడుచుకున్నాడు, మళ్ళీ బొత్తాలని. కుడి చేత్తో ఒకటి లాగేసరికి చర్రుమని పట్టీ మొత్తం విడిపోయింది. బొత్తాలన్నీ పైన ఉత్తుత్తివి, కింద అతుక్కునే పట్టీ. మళ్ళీ అదిమితే అతుక్కుంది. విప్పాడు, అదిమాడు, విప్పాడు, అదిమాడు. ఆ చర్రు చర్రుకి కింద షాపులో ఓనరు కూడా తలెత్తి చూశాడు.

"మీ అక్కకి తెలుసురా" అన్నాడు. ఆ చొక్కా వేసుకునే పడుకున్నాడు.

డాక్టరు ఇంకో ఐదు వారాలు రమ్మన్నాడు, అవి అయ్యాక వచ్చే ఆదివారం మధ్యాహ్నం బస్సుకి ఎక్కిస్తాను.

తమ్ముడు


ఇల్లు, కుట్టు గది

తమ్ముడికి అక్క దీవించి రాసేది,

మీ బావ క్షేమంగా చేరారు. మేమిద్దరం క్షేమం.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. దాచడం మీ ఇద్దరికే వచ్చా? బండి బిగించాక ఒక్క బోల్టూ మిగల్లేదు. దాన్ని ఖాళీ మైదానానికి తోయించుకుని వెళ్ళి, పాల వ్యాను నడిపే ఎదురింటావిడ దగ్గర నేర్చుకున్నాను. మోచిప్పలు రెండూ కొట్టుకుపోయాయి. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమన్నారు. జాకెట్టు చంకల వంపులు కత్తిరించే చేతికి ఎనిమిది ఒక లెక్కా. ఒక్క కాలూ కింద పెట్టలేదు.

ఆదివారం బస్టాండుకి బండి మీదే వెళ్ళాను. ఆయన బస్సు దిగి, చొక్కా సర్దుకుని, బండిని చూశారు. తర్వాత దాని మీద ఉన్న నన్ను చూశారు. సంచీ కింద పెట్టారు. దగ్గరికి వచ్చి, "నా ఎడమ చెయ్యి పనిచేయడం లేదు" అన్నారు.

అంతే, అది ఒక్కటే నాకు కావలసింది. "తెలుసు, ఎక్కండి" అన్నాను.

ఎక్కలేదు. వంగి ఎడమ కవరు వైపు చూశారు. "క్లచ్ గట్టిగా లేదుగా?" అన్నారు.

"ఎవరో ఆడదాని చేతి కోసం మెత్తగా చేయించారట. నాకు సరిగ్గా సరిపోయింది" అన్నాను.

అప్పుడు నవ్వారు, ఏడ్చారు, రెండూ చేసి వెనక ఎక్కారు. దారంతా "గేరు మార్చు, బ్రేకు ముందే పట్టు, అటు లారీ" అని ఒకటే నస. ఇన్నేళ్ళు వెనక కూర్చుని నేను పెట్టిన నసంతా వడ్డీతో తీర్చుకున్నారు.

కంపెనీకి ఆయనే వెళ్ళి ఉన్నమాట చెప్పారు. డబ్బాలు తిప్పే పని తీసేశారు. గిడ్డంగిలో లెక్క చూసే పని ఇస్తారో లేదో ఇంకా తేల్చలేదు. ఇచ్చినా ఇవ్వకపోయినా నా మిషను తిరుగుతూనే ఉంది. చర్రుమనే పట్టీ చొక్కాలు ఇంకో ఇద్దరు అడిగారు.

ఒక్క సంగతి. లోపలి నట్టు మీద నీ గీత పక్కనే నాదొకటి గీశాను. రోజూ పొద్దున్న కవరు విప్పి చూడలేను కదా, కానీ నువ్వెప్పుడైనా విప్పితే ఆ నట్టు కదిలిందో లేదో తెలుస్తుంది. విప్పే ముందు మాత్రం నన్ను అడుగు. బండి ఇప్పుడు నాది.

ఆ ఆదివారం ఆయన చెయ్యి నా భుజం మీద వేసి కూర్చున్నారు, ఆ ఎడమ చెయ్యే. పట్టు లేదు, బరువు మాత్రం ఉంది. ఇంటికి వచ్చేదాకా తీయలేదు.

అక్క